ఫుట్‌బాల్ డ్రాఫ్ట్: మయూర్ విహార్ అంచనాలు, ముంబై నిర్ణయాలు

న్యూఢిల్లీ: ఆటగాళ్లను క్లబ్‌లకు వంతులవారీగా పంచే 'డ్రాఫ్ట్' పద్ధతికి భారత ఫుట్‌బాల్ స్వస్తి చెప్పి చాలా కాలమైంది. 2017 జూలై 23న ముంబైలో ఇండియన్ సూపర్ లీగ్ నిర్వహించిన డ్రాఫ్టే చివరిది. అయినప్పటికీ రాజధానిలోని ఫుట్‌బాల్ అభిమానుల సంభాషణలలో ఆనాటి లెక్కలు ఇప్పటికీ దొర్లుతూనే ఉన్నాయి. ఆ రోజున ఢిల్లీ జట్టు ఎవరిని తీసుకోవలసింది, ఎవరిని వదులుకున్నది, అందులో ఎవరు తర్వాత పైకి వచ్చారు అన్న ప్రశ్నలు కేవలం కాలక్షేపానికి సంబంధించినవి కావు. ఒక ఆటగాడి శ్రమకు ధర ఎవరు కట్టాలి, ఎలా కట్టాలి అన్న ఆర్థిక సమస్య వాటి వెనుక ఉన్నది. 2025లో హైదరాబాద్ క్లబ్ ఢిల్లీకి తరలివెళ్లడంతో ఈ సమస్య తెలుగు పాఠకులకు మరింత చేరువైంది.

డ్రాఫ్ట్ అనగానే బ్యాంకు డ్రాఫ్టు గుర్తుకు వచ్చే పాఠకులకు చిన్న వివరణ అవసరం. అమెరికాలో 1936లో ప్రారంభమైన ఈ పద్ధతి ప్రకారం కొత్తగా వృత్తి క్రీడలోకి అడుగుపెట్టే యువకులను జట్లు ఒకదాని తర్వాత ఒకటిగా ఎంచుకుంటాయి. క్రిందటి ఏడాది చివరి స్థానంలో నిలిచిన జట్టుకు తొలి అవకాశం లభిస్తుంది. బలహీనులు బలపడాలన్నది ఉద్దేశం. మన పల్లెలలో చెడుగుడు ఆడే పిల్లలు ఉద్దులు పంచుకునే తీరుకు ఇది దగ్గరి చుట్టం. కాకపోతే ఉద్దుల పద్ధతిలో సమబలులైన ఇద్దరు జతగా వచ్చి నాయకుల ముందు నిలబడతారు గనుక ఎవరిని కోరుకున్నా పెద్దగా నష్టం ఉండదు. డ్రాఫ్ట్‌లో మాత్రం వంతు తప్పితే మనిషి తప్పిపోతాడు. అక్కడే అంచనాలకు చోటు ఏర్పడుతున్నది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో 2000 సంవత్సరపు డ్రాఫ్ట్‌లో 199వ వాడుగా ఎంపికైన టామ్ బ్రాడీ తదనంతరం ఏడు సూపర్ బౌల్ విజయాలలో భాగస్వామి అయ్యాడు. అతనికి ముందు 198 మందిని ఎంచుకున్న నిపుణులందరూ జీతం తీసుకుని పనిచేసినవారే.

యమునకు ఆవలి అభిమాని

యమునా నదికి తూర్పు ఒడ్డున, నోయిడా సరిహద్దును ఆనుకొని ఉన్న మయూర్ విహార్ రాజధానిలోని మధ్యతరగతి ఉద్యోగుల నివాస ప్రాంతాలలో ఒకటి. ఢిల్లీ అభివృద్ధి సంస్థ ఫ్లాట్లు, సహకార గృహనిర్మాణ సంఘాల భవనాలు నిండిన ఈ కాలనీలో మలయాళీలు గణనీయమైన సంఖ్యలో ఉన్నారు. ఫేజ్-1లోని ఉత్తర గురువాయూరప్పన్ ఆలయం అందుకు సాక్ష్యం. తెలుగు కుటుంబాలు కూడా ఇక్కడ ఉన్నాయి. 2009 నవంబరులో ఈ మార్గంలో మెట్రో రైలు వచ్చింది. 2014 నుంచి మండీ హౌస్‌లో రైలు మారి జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియానికి నేరుగా చేరుకునే వీలు కలిగింది. సరిగ్గా అదే ఏడాది ఢిల్లీ డైనమోస్ అనే క్లబ్ ఆవిర్భవించి, ఇటలీకి చెందిన ప్రపంచకప్ విజేత అలెస్సాండ్రో డెల్ పియరోను రంగంలోకి దించింది.

ఈ కాలనీలోని అభిమాని పరిస్థితి కొంత విచిత్రమైనది. ఉంటున్నది ఢిల్లీలో గనుక ఢిల్లీ జట్టు తనది. పుట్టింది కేరళలో అయితే కేరళ బ్లాస్టర్స్ తనది. 2016 డిసెంబరు 14న జరిగిన సెమీఫైనల్ రెండో అంచెలో ఈ రెండు జట్లే నెహ్రూ స్టేడియంలో తలపడ్డాయి. ఆ మ్యాచ్‌ను ఢిల్లీ 2-1తో గెలిచినా మొత్తం మీద స్కోరు సమానమైంది. టై బ్రేకర్‌లో కేరళ 3-0తో నెగ్గింది. ఆ రాత్రి చివరి మెట్రోలో యమున దాటినవారిలో ఎందరు సంతోషించారో, ఎందరు విచారించారో లెక్క కట్టడం కష్టం. తెలుగువారి సంగతి మరీ చిత్రం. అప్పటికి ఆంధ్రప్రదేశ్‌లో గాని, తెలంగాణలో గాని లీగ్ జట్టు లేదు. కాని తెలుగువారి పెట్టుబడి మాత్రం కొచ్చికి చేరింది. కేరళ బ్లాస్టర్స్ ప్రారంభంలో సచిన్ టెండూల్కర్‌తో పాటు ప్రసాద్ వి. పొట్లూరి భాగస్వామిగా ఉండగా, 2016లో నిమ్మగడ్డ ప్రసాద్, చిరంజీవి, నాగార్జున, అల్లు అరవింద్ అందులో చేరారు.

ధరా? వంతా?

2014 జూలైలో ముంబైలో రెండు రోజుల పాటు జరిగిన తొలి డ్రాఫ్ట్ గురించి ఎక్కువగా చెప్పవలసినది లేదు. పోటీలు మూడు నెలలలో ముగిసేవి. ఆటగాళ్లలో అత్యధికులు ఐ-లీగ్ క్లబ్‌ల నుంచి తాత్కాలికంగా వచ్చి వెళ్లేవారు. అసలు విషయం 2015 జూలై 10 నుంచి మొదలవుతుంది. ఆ రోజున నిర్వాహకులు పదిమంది ప్రముఖులకు వేలం నిర్వహించి, మిగిలినవారిని డ్రాఫ్ట్‌కు వదిలారు. వేలంలో సునీల్ ఛెత్రిని ముంబై సిటీ 1.20 కోట్ల రూపాయలకు, యూజీన్‌సన్ లింగ్డోను పుణె సిటీ 1.05 కోట్లకు దక్కించుకున్నాయి. రీనో ఆంటోకు 90 లక్షలు, థోయ్ సింగ్‌కు 86 లక్షలు పలికాయి. పదిమంది మొత్తం ఖరీదు 7.22 కోట్లు. ఢిల్లీ డైనమోస్ ఇద్దరిని తీసుకున్నది. రాబిన్ సింగ్‌కు 51 లక్షలు చెల్లించగా, కేరళలోని మలప్పురం జిల్లాకు చెందిన డిఫెండర్ అనస్ ఎడతొడికకు 41 లక్షలు చెల్లించింది. ఆ పదిమందిలో అందరికన్నా తక్కువ పలికినవాడు అనసే కావడం గమనార్హం. అతని మూలధర 40 లక్షలు కాగా, దానిపై ఒక్క లక్ష మాత్రమే పెరిగింది.

2017 నాటికి దృశ్యం మారింది. లీగ్ కాలపరిమితి అయిదు నెలలకు పెరిగింది. ఐ-లీగ్ కూడా అదే సమయంలో జరిగే విధంగా నిర్ణయం జరగడంతో ఆటగాడు ఏదో ఒక దానిని ఎంచుకోక తప్పలేదు. బెంగళూరు, జంషెడ్‌పూర్ కొత్తగా చేరడంతో జట్ల సంఖ్య పదికి పెరిగింది. వేలాన్ని పూర్తిగా తొలగించి, ప్రతి ఆటగాడి పేరు పక్కన ధరను ముందుగానే నిర్ణయించి డ్రాఫ్ట్ జాబితాలో చేర్చారు. వేలంలో ధర మాత్రమే తేలవలసి ఉంటుంది. డ్రాఫ్ట్‌లో ధర ముందే తెలుసు, తేలవలసినది వంతు మాత్రమే. ఈ తేడాను గుర్తించనివారు ఆ రోజు జరిగిన దానిని అర్థం చేసుకోలేరు.

నిబంధనల ప్రకారం ప్రతి క్లబ్ ఇద్దరు సీనియర్లను, 21 ఏళ్ల లోపు ముగ్గురిని అట్టిపెట్టుకోవచ్చు. బెంగళూరు ఛెత్రిని, ఉదాంత సింగ్‌ను ఉంచుకున్నది. కేరళ తరఫున సి.కె. వినీత్, సందేశ్ ఝింగన్ నిలిచారు. ఢిల్లీ యాజమాన్యం మాత్రం ఎవరినీ ఉంచుకోలేదు. అంతకు ముందు వరుసగా రెండేళ్లు సెమీఫైనల్‌కు చేరిన జట్టు తన భారతీయ ఆటగాళ్లందరినీ వదులుకోవడం పలువురికి విస్మయం కలిగించింది. కాని లెక్క వేరుగా ఉన్నది. సీనియర్లను అట్టిపెట్టుకున్న క్లబ్‌లు ఆలస్యంగా ఎంపిక ప్రారంభించాలి గనుక, ఎవరినీ ఉంచుకోని ఢిల్లీకి, అసలు పాత ఆటగాళ్లే లేని జంషెడ్‌పూర్‌కు ముందు వరుసలో చోటు దొరికింది. అమెరికా పద్ధతిలో ఓడినవాడికి ముందు వంతు లభిస్తే, ఇక్కడ ఇల్లు ఖాళీ చేసినవాడికి లభించిందన్న మాట.

అప్పుడు మయూర్ విహార్ అభిమాని వేసే అంచనా ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. అతని చేతిలో మూడు సమాచారాలు ఉన్నాయి: ఆటగాళ్ల జాబితా, వారి ధరలు, ఎంపిక క్రమం. పెన్సిలు పట్టుకుని కూర్చుంటే చాలు. రెండు సీజన్ల పాటు ఢిల్లీ రక్షణకు వెన్నెముకగా నిలిచిన అనస్ మళ్లీ రావాలని మనసు కోరుతుంది. మలయాళీ అయితే రెండింతలు కోరుతుంది. కాని బుద్ధి అందుకు ఒప్పుకోదు. టాటా స్టీల్ కొత్త జట్టుకు సున్నా నుంచి రక్షణ శ్రేణిని నిర్మించవలసిన అగత్యం ఉన్నది. అప్పటికి దేశంలో అగ్రశ్రేణి డిఫెండర్లలో ఒకడైన అనస్‌ను అది వదలదు. అందుచేత ఢిల్లీ గోల్‌కీపర్‌తో ప్రారంభించి, పక్క రక్షకుడిని చూసుకుని, మిగిలిన సొమ్మును కుర్రవాళ్ల మీద పెట్టడం మేలు. చేతిలో ఉన్న వివరాలను బట్టి ఇంతకన్నా నిక్కమైన జోస్యం చెప్పడం సాధ్యం కాదు.

ఫలితం దాదాపు అదే విధంగా వచ్చింది. అనస్‌ను 1.10 కోట్లకు జంషెడ్‌పూర్ తీసుకున్నది. గోల్‌కీపర్ సుబ్రతా పాల్ 87 లక్షలకు అదే జట్టులో చేరాడు. లింగ్డోకు కూడా 1.10 కోట్ల ధరే నిర్ణయం కాగా, కోల్‌కతా క్లబ్ ఏటీకే ఎంచుకున్నది. ఢిల్లీ జాబితాలో, ఆ ఏడాదే ఐ-లీగ్ గెలిచి సంచలనం సృష్టించిన ఐజాల్ జట్టు గోల్‌కీపర్ ఆల్బినో గోమ్స్, పక్క రక్షకుడు ప్రీతమ్ కోటాల్, సెయిత్యాసేన్ సింగ్, రోమియో ఫెర్నాండెజ్, వినీత్ రాయ్ మొదలైనవారు ఉన్నారు. వారితో పాటు మిజోరంకు చెందిన లాలియన్‌జువాలా ఛాంగ్టే అనే ఇరవై ఏళ్ల యువకుడు కూడా ఉన్నాడు.

ఇక్కడ కొంచెం ఆగి అంకెలను పరిశీలించాలి. 2015 వేలంలో పదిమందిలో అట్టడుగున నిలిచిన అనస్ రెండేళ్లలో ఉమ్మడిగా అగ్రస్థానానికి చేరాడు. అతని ధర 69 లక్షలు పెరిగింది. అదే కాలంలో లింగ్డో ధర పెరిగింది అయిదు లక్షలు మాత్రమే. ఢిల్లీ పెంచిన విలువకు ప్రతిఫలం జంషెడ్‌పూర్‌కు దక్కింది. యూరప్‌లో అయితే ఒప్పందం మధ్యలో ఉన్న ఆటగాడిని కోరే క్లబ్ పాత క్లబ్‌కు బదిలీ రుసుం చెల్లిస్తుంది. డ్రాఫ్ట్‌లో ఆ ప్రసక్తే లేదు. ఆటగాడిని తీర్చిదిద్దిన క్లబ్‌కు కాని సొమ్ము రానప్పుడు ఏ యాజమాన్యం శిక్షణపై ఖర్చు చేస్తుంది? ఛాంగ్టేకు శిక్షణ ఇచ్చిన పుణెలోని డీఎస్‌కే శివాజియన్స్ ఆ 2017లోనే ఐ-లీగ్ నుంచి తప్పుకోవడం ఈ సందర్భంగా గుర్తుంచుకోదగినది.

తర్వాతి పరిణామాలు నిపుణులకు, అభిమానులకు సమానంగా గర్వభంగం కలిగించాయి. అత్యధిక ధర నిర్ణయమైన ఇద్దరూ 2017-18 సీజన్‌లో గాయాల పాలై చాలా మ్యాచ్‌లకు దూరమయ్యారు. జంషెడ్‌పూర్ అయిదో స్థానంలో నిలవగా, ఢిల్లీ ఎనిమిదో స్థానానికి, ఏటీకే తొమ్మిదో స్థానానికి పడిపోయాయి. వార్తలలో పెద్దగా ప్రస్తావన లేని ఛాంగ్టే మాత్రం ఢిల్లీ, చెన్నైల మీదుగా ముంబై సిటీకి చేరి 2022-23, 2023-24 సీజన్లకు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఉత్తమ ఆటగాడి పురస్కారాలను అందుకున్నాడు. నాటి డ్రాఫ్ట్‌లో ఢిల్లీ చేసిన ఎంపికలలో అత్యుత్తమమైనది ఇదేనని ఇప్పుడు నిస్సందేహంగా చెప్పవచ్చు. అయితే అతడు వికసించింది ఢిల్లీలో కాదు.

పేరు పలకనివారు

డ్రాఫ్ట్ అనుకూలురు సాధారణంగా ప్రస్తావించని కోణం మరొకటి ఉన్నది. 2017 జాబితాలో సుమారు రెండు వందల మంది ఆటగాళ్లు ఉండగా, ఎవరూ కోరుకోనివారు పదుల సంఖ్యలో మిగిలారు. హోటలు హాలులో తన పేరు వినిపించకపోతే ఆ ఏడాది జీతం ఏమవుతుందన్నది ఆటగాడి ఇంటి సమస్య. పేరు పలికినా చిక్కు తప్పదు. ఏ ఊరు వెళ్లాలన్నది తన చేతిలో లేదు. జీతం గురించి బేరమాడే వీలు లేదు. 1995లో యూరోపియన్ న్యాయస్థానం బోస్మన్ కేసులో ఇచ్చిన తీర్పు, ఒప్పందం ముగిసిన ఆటగాడు తన ఇష్టం వచ్చిన క్లబ్‌కు వెళ్లవచ్చునని స్పష్టం చేసింది. ప్రపంచ ఫుట్‌బాల్ అంతా ఆ దారిన నడుస్తుండగా మనదేశం అమెరికా దారి పట్టడం విచిత్రంగానే కనిపించింది. పైగా డ్రాఫ్ట్ మూసిన తలుపుల లీగ్‌కు మాత్రమే సరిపోతుంది. క్రింది అంచెలో గెలిచిన పంజాబ్ 2023లోను, మొహమ్మదన్ స్పోర్టింగ్ 2024లోను పై లీగ్‌లోకి ప్రవేశించిన తర్వాత ఆ పద్ధతికి తిరిగి వెళ్లడం దాదాపు అసాధ్యం.

అట్లని స్వేచ్ఛా విపణి అన్నింటికీ మందు కాదని హైదరాబాద్ అనుభవం చాటింది. 2019 ఆగస్టులో విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని యాజమాన్యంలో అవతరించిన హైదరాబాద్ ఎఫ్.సి. డ్రాఫ్ట్ లేని కాలపు బిడ్డ. తొలి ఏడాది చివరి స్థానంలో నిలిచింది. అమెరికా పద్ధతి అమలులో ఉంటే దానికి తర్వాతి ఏడాది తొలి వంతు దక్కేది. అటువంటి సహాయమేదీ లేకుండానే స్పెయిన్‌కు చెందిన కోచ్ మనోలో మార్క్వెజ్, ఆకాశ్ మిశ్రా వంటి అంతగా పేరులేని యువకులను నమ్ముకుని జట్టును నిర్మించాడు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో జరిగిన ఫైనల్‌లో ఆ జట్టు కేరళ బ్లాస్టర్స్‌ను టై బ్రేకర్‌లో ఓడించి విజేత అయింది. ఆ విజయంలో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి హస్తవాసి అందరికీ తెలిసిందే.

రెండేళ్లు తిరగక ముందే అదే క్లబ్ జీతాలు చెల్లించలేని స్థితికి దిగజారింది. అంతర్జాతీయ ఫుట్‌బాల్ సంస్థ కొత్త ఆటగాళ్ల నమోదుపై నిషేధం విధించింది. ఉన్నవారు ఒక్కరొక్కరుగా వెళ్లిపోయారు. 2023-24లో జట్టు పన్నెండింటిలో పన్నెండో స్థానంలో నిలిచింది. డ్రాఫ్ట్ కాలంలో ఎవరికెంత అన్నది కాలనీ అభిమానికి కూడా తెలిసేది. నేడు ఒప్పందాలు గుట్టుగా జరుగుతున్నందున బకాయిల సంగతి నిషేధం పడిన తర్వాత గాని బయటకు రావడం లేదు. ఈ ఒక్క విషయంలో పాత పద్ధతే మెరుగని చెప్పక తప్పదు. కబడ్డీలో ఈ పారదర్శకత ఇంకా ఉన్నది. 2023 వేలంలో తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌కు 2.60 కోట్లకు పైగా చెల్లించిన సంగతి ఆ సాయంత్రమే దేశమంతటికీ తెలిసింది.

ఫుట్‌బాల్‌లో హైదరాబాద్ చరిత్రను ఎరిగినవారికి ఈ పతనం మరింత బాధాకరం. ఎస్.ఎ. రహీం శిక్షణలో భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానాన్ని, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణాన్ని సాధించింది. సికింద్రాబాద్‌కు చెందిన తులసీదాస్ బలరాం ఆ రెండు జట్లలోనూ ఉన్నాడు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్లు రోవర్స్ కప్‌ను గెలుచుకున్నది. ఆనాడు డ్రాఫ్ట్ లేదు, వేలం లేదు. పోలీసు శాఖలో ఉద్యోగమే ఒప్పందం, నెల జీతమే ధర. జీతం తక్కువే కావచ్చు, ఒకటో తేదీన మాత్రం వచ్చేది.

ఢిల్లీకి మళ్లీ ఒక జట్టు

ఇదిలా ఉండగా, ఢిల్లీ డైనమోస్ 2019 ఆగస్టు నెలాఖరులో భువనేశ్వర్‌కు మారి ఒడిషా ఎఫ్.సి.గా పేరు మార్చుకున్నది. అరవై వేల మంది పట్టే నెహ్రూ స్టేడియం నిర్వహణకు తగిన ఆదాయం లేని క్లబ్‌కు కళింగ స్టేడియం ఆకర్షణీయంగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. ఆరేళ్ల విరామం అనంతరం 2025లో, బి.సి. జిందాల్ గ్రూపు చేతికి వచ్చిన హైదరాబాద్ క్లబ్ స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ పేరుతో రాజధానికి తరలింది. ఒక నగరం పోగొట్టుకున్నది మరొక నగరానికి దక్కింది. మయూర్ విహార్‌లోని తెలుగు అభిమాని స్థితి ఇప్పుడు మరీ ఇరకాటంలో పడింది. ఉన్న ఊరికి జట్టు వచ్చినందుకు సంతోషించాలా, సొంత ఊరి జట్టు మాయమైనందుకు విచారించాలా తేల్చుకోవడం తేలిక కాదు.

కాగా కొత్త జట్టుకు ఎవరు వస్తారన్న అంచనాలు వేసేందుకు అతని వద్ద ఇప్పుడు జాబితా లేదు, ధరల పట్టిక లేదు, ఎంపిక క్రమం అసలే లేదు. క్లబ్ ప్రకటన వెలువడినప్పుడు తెలిసిందే వార్త. డ్రాఫ్ట్ తిరిగి రావాలని కొందరు కోరుకున్నా, దానిని నిర్వహించడానికి కేంద్రీయంగా బలమైన సంస్థ కావాలి. ఫుట్‌బాల్ సమాఖ్య 2010 డిసెంబరులో పదిహేనేళ్లకు 700 కోట్ల రూపాయల మేరకు కుదుర్చుకున్న వాణిజ్య హక్కుల ఒప్పందం 2025 డిసెంబరు 8తో ముగిసింది. కొత్త హక్కుల కోసం సమాఖ్య పిలిచిన టెండరుకు గడువు తేదీ అయిన 2025 నవంబరు 7 నాటికి ఒక్క సంస్థ కూడా ముందుకు రాలేదు. ఆ కారణంగా 2025-26 సీజన్ సకాలంలో ప్రారంభం కాక, పలు క్లబ్‌లు తమ కార్యకలాపాలను తాత్కాలికంగా నిలిపివేశాయి. హైదరాబాద్ నుంచి కొత్త చిరునామాకు మారిన క్లబ్‌కు ఢిల్లీలో ఎదురైన తొలి సమస్య ఆటగాళ్ల ఎంపిక కాదు, ఆడేందుకు లీగ్ ఉంటుందా అన్నదే.